వెలుతురు చాలని ఉప్పునీటి తొట్టె

పెద్దలారా! మన జహీరాబాదు మీదుగా పోవు 65వ జాతీయరహదారి పూనాలో బయలుదేరి మచిలీపట్టణమున ముగియును. ఆ దారి కొసనున్న సముద్రమును ఇంటిలో గాజుతొట్టెయందు నిలుపవలెనని నేటి యువకులు కొందఱు ముచ్చటపడుచున్నారు. దీనికి మంచినీటి తొట్టెకంటె ఖర్చు మిక్కిలి హెచ్చు. సొమ్ము మీ చేతిదగుటచే, ఏ ప్రాణిని కొననీయవలెనో మీరెఱిగియుండుట మేలు. చేపల మాట విడిచి, వెన్నెముక లేని ప్రాణులను గూర్చి మాత్రమే చెప్పెదను.

వేసవి వేడికి వెఱచి తొట్టెను మనము నడిమి గదిలో, ఎండ తగులని మూల నుంచుదుము. అది తగిన చోటే గాని అచట వెలుతురు తక్కువ. ఈ యొక్క సంగతియే యెంపికనంతటిని నిర్ణయించును.

అందఱి కన్నును ముందుగా పగడముపై పడును. దానిని ఱాయి యని కొందఱు, చెట్టని కొందఱు తలతురు, అది ప్రాణియే. వెచ్చని సముద్రములలో దిబ్బలు కట్టు పగడముల దేహమందు కంటికి కానరాని పాచి కాపురముండును. ఆ పాచి సూర్యరశ్మితో ఆహారము సిద్ధపఱచి, అందు పెద్దపాలు పగడమునకిచ్చును. వెలుతురు చాలనిచో ఆ యింట పొయ్యి రాజదు. పగడము రంగుపోయి తెల్లబడి, తుదకు ఆకలిచే చచ్చును. పెద్దజాతి ఆల్చిప్పలకును ఇదే గతి. ఇంతకును వానిని కోరుటయే తగదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు జాబితాలో 2001లో దిబ్బలు కట్టు పగడములను, సముద్రదోసకాయలను చేర్చిరి. ఎవరైన చాటుగా అమ్మజూపినను కొనరాదు.

ఇక పాచి తిను నత్త. ఎండ పడు తొట్టెలో అది మంచి పనివాడు. చీకటిమూలలో పాచియే సరిగా మొలవదు. అచట దానిని విడుచుట బీడునేలకు గొఱ్ఱెలను తోలుటయే. కొత్తవారు దీనిని తలపోయకయే నత్తలను గుంపుగా కొని తెత్తురు.

చీకటికి తగినవి ఎంగిలి తిని బ్రదుకు ప్రాణులు. ఖాళీ గుల్లలో దూరి దానిని మోయుచు తిరుగు ఎండ్రకాయ వీనిలో మొదటిది. ఇసుకలో దాగి, మేత వాసన తగిలినంతనే తొండమెత్తి వెలికివచ్చు నత్త యొకటి కలదు. సన్నని ఐదు చేతులతో ఱాళ్ల సందులలో ప్రాకు నక్షత్రప్రాణి పగలు దాగి రాత్రి తిరుగును. వెన్నున ఎఱ్ఱపట్టీల నడుమ తెల్లగీత గల రొయ్య, చేపల ఒంటిమీది పురుగులను ఏఱి తినును; నాకు దానిని చూచుటయే వేడుక. వీనికి దీపము కాదు, మేత కావలెను. చేపలు విడిచిన తునకలు చాలనినాడు చిన్న రొయ్యముక్క వేయవలెను. మిగిలినదానిని తీసివేయవలెను, లేనిచో నీరు మురుగును.

నీటి విషయమున మన ప్రాంతమువారు మఱింత జాగరూకత వహింపవలెను. సముద్రజలమున లీటరునకు ఇంచుమించు 35 గ్రాముల లవణములుండును. అందు మెగ్నీషియము, కాల్షియము, పొటాసియము కలవు గనుక వంటయుప్పు పనికిరాదు. తొట్టెలకై చేయు ఉప్పునే శుద్ధిచేసిన నీట కలుపవలెను. మన వేసవిలో నీరు త్వరగా ఆవిరియగును, ఉప్పు మాత్రము ఆవిరి కాదు. కావున తగ్గిన మేరకు ఉప్పులేని శుద్ధజలమునే పోయవలెను. ఉప్పునీరే పోసినచో నానాటికి ఉప్పదనము హెచ్చి రొయ్యలు మొదట చచ్చును. తెచ్చిన ప్రాణులను తటాలున తొట్టెలో వేయరాదు. అవి వచ్చిన నీటిలో తొట్టెనీటిని చుక్కలుగా కలుపుచు, ఒక గంటసేపు అలవాటుపఱుపవలెను.

రాగి వీనికి విషము. మనము తోటలపై చల్లు మైలుతుత్తము రాగి లవణమే. చేపల రోగమునకిచ్చు మందులలోను రాగి కలిసియుండును. ఆ మందు చేపకు మేలు చేయు మోతాదులోనే ఎండ్రకాయను, రొయ్యను, నత్తను చంపును. రాగిబిందెలో నిలిచిన నీరు మనకు మంచిదనుకొన్నను తొట్టెకు వాడకుడు; మైలుతుత్తము కలిపిన చేతిని నీట ముంచకుడు. ఎండ్రకాయ పెరిగినకొలది పెద్దగుల్ల వెదకుకొనును; దొరకనిచో నత్తను చంపి దాని గుల్లను లాగికొనును. కావున తీరమునకు పోయినవారిచేత నాలుగైదు వేర్వేరు కొలతల ఖాళీ గుల్లలు తెప్పించి, కడిగి, ఇసుకమీద నుంచుడు.