వెండి కరిగిపోయింది.. కాగితం మిగిలింది!

మగ్గం వర్క్, జర్దోజీ పని చేసే ఇళ్లలో ఖాకా అంటే తెలియనివారుండరు. డిజైన్ గీసిన ట్రేసింగ్ పేపర్‌కు సూదితో చిల్లులు పొడిచి, పైన రంగు రుద్దితే డిజైన్ బట్ట మీద పడుతుంది. నాలుగు వందల ఏళ్ల క్రితం నెదర్లాండ్స్‌లో వెండి పనివాళ్లకు కూడా ఇలాంటి నమూనా కాగితాలే ఆధారం.

అయితే అవి అచ్చు వేసిన కాగితాలు. రాగి రేకుపై సన్నని ఉలితో నగిషీ చెక్కి, ఆ గీతల్లో సిరా నింపి, తడి కాగితంపై గట్టిగా ఒత్తేవారు. ఒక్క రేకుతో వందల ప్రతులు వచ్చేవి. దీంతో ఊరు దాటని పనివాడికి కూడా పెద్ద ఉస్తాదుల డిజైన్లు అందేవి. కొన్ని కాగితాలపై ఎడమవైపు ఒక డిజైన్‌లో సగం, కుడివైపు మరో డిజైన్‌లో సగం ఉండేవి. నచ్చిన సగాన్ని తిప్పి గీసుకుంటే నమూనా పూర్తయ్యేది. ఆమ్‌స్టర్‌డామ్‌లో మిఖీల్ లె బ్లాన్ కత్తి పిడుల కోసం ప్రత్యేకంగా ఇలాంటి ప్రింట్లు చేశాడు.

ఈ డిజైన్లలో ఇస్లామీ కళ పాత్ర కూడా ఉంది. తీగలు, ఆకులు ఒకదానిలో ఒకటి అల్లుకుపోయే మన బేల్‌బూటా లాంటి పనిని యూరప్‌లో 'అరబెస్క్' అంటారు. అంటే అరబ్బుల తరహా. ముస్లిం దేశాల లోహపు సామాన్లతో వెనిస్ చేరిన ఈ తరహాపై ఫ్రాన్సెస్కో పెల్లెగ్రీనో 1530లో పారిస్‌లో నమూనాల పుస్తకమే వేశాడు. తర్వాత ఆంట్వెర్ప్‌లోనూ ఇలాంటి ప్రింట్లు వచ్చాయి. 1585లో ఆ నగరం స్పెయిన్ సైన్యం చేతికి చిక్కడంతో ఎందరో పనివాళ్లు ఆమ్‌స్టర్‌డామ్ వైపు వలస వెళ్లారు. వాళ్లతో పాటు పనితనమూ వెళ్లింది.

ఉత్రెక్ట్‌కు చెందిన ఆడమ్ వాన్ వియానెన్ కథ మరీ ముఖ్యం. అతని సోదరుడు పౌలుస్ కూడా పేరున్న వెండి పనివాడే. 1613లో పౌలుస్ చనిపోయాడు. అతని జ్ఞాపకార్థం ఆమ్‌స్టర్‌డామ్ వెండి పనివాళ్ల సంఘం 1614లో ఆడమ్‌తో ఒక కూజా చేయించింది. ఒకే వెండి రేకును సుత్తితో కొట్టి, అలలా జారుతున్నట్టు మలిచాడు. అది ఇప్పుడు రైక్స్ మ్యూజియంలో ఉంది. ఆడమ్ 1627లో చనిపోయాడు. సుమారు 1650లో కొడుకు క్రిస్టియాన్ తండ్రి డిజైన్లను అచ్చు వేయించాడు. ఆడమ్ పనిని కళ్లారా చూడనివాళ్లకు కూడా అతని తరహా తెలిసింది.

డబ్బు అవసరమైనప్పుడు, ఫ్యాషన్ మారినప్పుడు వెండి సామాన్లను కరిగించేసేవారు. అలా పోయిన పనితనంలో ఎంతో కొంత నేడు కనిపిస్తోందంటే ఆ కాగితాల చలవే. మీ ఇంట్లో పెద్దలు గీసిన పాత ఖాకాలుంటే పారేయకండి. కనీసం ఫోన్‌లో ఫొటో తీసి దాచండి.