కుక్కకాటు సూదులు: నాటి భయమునకు కారణము

నరసరావుపేటలో గాని, మాచర్ల, గురజాలలలో గాని పెద్దవారియెదుట కుక్కకాటు మాట యెత్తినచో, "బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు" అని యులికిపడుదురు. మేమును చిన్ననాట నా మాటకు జడిసినవారమే. ఆ భయము నిష్కారణము కాదు. ఆ మందువలన అరుదుగా కొందఱికి కాళ్లు పడిపోయెను, కొందఱు మరణించిరి. కాపాడవలసిన మందే కీడు చేయుటకు హేతువేమి?

1911లో కసౌలీయందు డేవిడ్ సెంపుల్ అనువారు ఆ మందును సిద్ధపఱచిరి. పిచ్చికుక్క రోగము నెక్కించిన జంతువు మెదడును నూఱి, కార్బాలిక్ ఆమ్లముతో విషమును చంపి, ఆ ద్రవమునే సూదితో నెక్కించెడివారు. మన దేశమున నిందుకు గొఱ్ఱె మెదడును వాడిరి.

1933లో అమెరికాయందు థామస్ రివర్సుగారు కోతులకు కుందేటి మెదడు సారమును పలుమాఱు లెక్కింపగా, ఏ రోగక్రిమియు లేకయే కొన్నిటికి మెదడు వాచెను. శరీరమును కాచు కణములు పరాయి మెదడును శత్రువని యెంచి, దానిని పోలిన సొంత మెదడుపైనను పడుటయే యిందుకు కారణము.

మన నరములకు, కరెంటు తీగకు తొడుగువలె, మైలీను అను పొర కలదు. అందలి యొక ప్రోటీనే దోషియని తేల్చిన పరిశోధనలో మేరియన్ కీస్, ఎలిజబెత్ రోబోజ్ ఐన్‌స్టీన్ అను విదుషీమణులు ముఖ్యులు. ప్రోటీను పూసలదండ వంటిది. ఆ దండను తునకలు చేసి, ఒక్కొక్క తునకను జంతువులకెక్కించి చూచిరి. గినీపందికి రోగము తెచ్చుటకు తొమ్మిది పూసల తునకయే చాలునని 1970లో ఐలర్‌గారి బృందము నిరూపించెను. జంతువునుబట్టి హాని చేయు తునకయు మాఱును. సెంపుల్ మందువలన జబ్బుపడినవారి రక్తమునందును ఆ ప్రోటీనుపై పోరు జరిగిన జాడలున్నట్లు 1987లో థాయిలాండు రోగుల పరీక్షవలన వెల్లడియయ్యెను.

మన దేశమున నా పాత మందు 2004తో ముగిసినది. నేటి మందును కణములలో పెంచుదురు. అందు గొఱ్ఱె మెదడు లేదు. సూదియు బొడ్డుచుట్టు గాక భుజమునకే.

కావున తల్లులారా! బిడ్డను కుక్క కఱచినచో కారము, సున్నము పూయకుడు. పదునైదు నిమిషములు సబ్బుతో, ధారగా పాఱు నీటితో గాయమును కడిగి, ఆనాడే ఆసుపత్రికి కొనిపొండు. గాయము లోతైనచో అందు వేయవలసిన సీరమును గుఱించియు వైద్యుని నడుగుడు. చెప్పిన దినములలో సూదులన్నియు వేయింపుడు. రోగలక్షణములు పొడచూపిన పిమ్మట ప్రాణము దక్కుట దాదాపు కల్ల. నాటి భయమునకు కారణముండెను, నేడది లేదు.