ఓడ పెద్దదా, బల్ల పెద్దదా?

కుటుంబముతో సముద్రయానము చేయదలచినవారు ఏ కంపెనీని ఎంచుకొనవలెను?

క్రిస్మస్ పండుగ దాటిన వారములో ఒక సాయంకాలము మా సంఘములోని ఒక రైతు దంపతులు ఫోను చేతపట్టుకొని మా ఇంటికి వచ్చారు. వారి కుమారుడు అమెరికాలో డాలస్ పట్టణములో ఉద్యోగము చేయుచున్నాడు. తలిదండ్రులను పిలిపించుకొని, పిల్లల బడులు మూసిన వెంటనే అందరును కలిసి 5 దినములు ఓడమీద గడపవలెనని అతని ఆశ. నాలుగైదు కంపెనీల వివరములు ఫోనులో పంపి, "పాస్టరుగారి చేత చదివించుకోండి నాన్నా, ఏది బాగుంటుందో మీరే చెప్పండి" అన్నాడట.

పెద్దాయనకు మోకాళ్ల నొప్పి. ఆమెకు చక్కెర వ్యాధి. మనుమరాలికి 9 ఏండ్లు, మనుమనికి 2 ఏండ్లు నిండినవి. ఆ చిన్నవానిని వారు ఫోనులో తప్ప ఎన్నడును చూడలేదు. మేము కాగితము, కలము తీసికొని కూర్చున్నాము. ఒక్కొక్క ఓడ బొమ్మ చూపి ఇందులో ఇన్ని ఈతకొలనులు, ఇన్ని అంతస్తులు అని చదువుచుండగా, అంతవరకు మాట్లాడక కూర్చున్న ఆమె, "అయ్యగారూ, అవన్నీ సరే. ఆ ఓడలో మేమందరం రోజుకొక్కసారైనా ఒక బల్ల దగ్గర కూర్చుని అన్నం తినొచ్చా? అది కనుక్కోండి" అన్నది.

ఆ ప్రశ్న మా పని సులువు చేసినది. పిల్లలు విదేశములలో ఉన్న కుటుంబములు నేడు పల్లె సంఘములలోను ఉన్నవి గనుక, మేము తెలిసికొన్న సంగతులు మీకును ఉపయోగపడునని వ్రాయుచున్నాము.

బల్ల విషయములో ఏ కంపెనీ ఎట్టిది?

కార్నివాల్: 1972లో టెడ్ ఆరిసన్ అనునాయన స్థాపించినది. మొదటి ఓడ మొదటి ప్రయాణములోనే మయామీ రేవు దగ్గర ఇసుకదిబ్బకు తగులుకొన్నది. అయినను సామాన్య కుటుంబములకు అందు ధరలో సరదా ప్రయాణమను పేరుతో ఈ కంపెనీ పెరిగినది. ఇక్కడ రాత్రి భోజనమునకు ఒకే గడియ, ఒకే బల్ల, వడ్డించువారును వారే ఉండునట్లు ముందుగా కోరుకొనవచ్చును. 2 ఏండ్లు నిండిన బిడ్డలను పిల్లల గదిలో చేర్చుకొందురు. ఇంకను గుడ్డలు కట్టవలసిన వయస్సైనను అభ్యంతరము లేదు. సందడి మాత్రము ఎక్కువ.

రాయల్ కరీబియన్: 1968లో నార్వే వారు ప్రారంభించినది. పెద్ద ఓడలకు పేరు పొందినది. 2024 జనవరిలో మయామీ నుండి బయలుదేరిన ఐకాన్ ఆఫ్ ది సీస్ అను ఓడ పొడవు 365 మీటర్లు, అంతస్తులు 20. నిండుగా ఎక్కినయెడల ప్రయాణికులే 7,600 మంది. మన పెద్ద గ్రామము ఒకటి నీటిమీద తేలుచున్నట్లు! ఎదిగిన పిల్లలకు నీటి జారుడుబల్లలు మొదలైనవి విస్తారముగా ఉన్నవి. ఒకే బల్ల ఏర్పాటు ఇక్కడను కలదు. అయితే పిల్లల గదిలో చేర్చుటకు బిడ్డకు 3 ఏండ్లు నిండి, మరుగుదొడ్డికి తానే పోవు అలవాటు ఉండవలెను.

నార్వీజియన్: 1966లో మొదలైన పాత కంపెనీ. 2000 సంవత్సరము నుండి వీరు నియమితమైన భోజన గడియను తీసివేసి, ఎవరికి ఇష్టమైనప్పుడు వారు ఇష్టమైన చోట తినవచ్చునను పద్ధతి పెట్టారు. యువ దంపతులకు ఇది హాయి. మన పెద్దమ్మగారి వంటివారికి, ప్రతి సాయంత్రము ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో అను ప్రశ్న మిగులును.

డిస్నీ: దీని మొదటి ఓడ 1998లో బయలుదేరినది. ఓడలలో జూదశాల లేదు. ఈ ఒక్క కారణమునుబట్టియే మన కుటుంబములు కొన్ని దీనిని కోరుచున్నవి. భోజనశాల ప్రతి రాత్రి మారును గాని, బల్లదగ్గర కూర్చుండువారును వడ్డించువారును మారరు. భోజనముతో శీతల పానీయములకు వేరుగా డబ్బు అడుగరు. పెక్కు గదులలో స్నానపు గది ఒకటి, మరుగుదొడ్డి ఒకటిగా విడిగా ఉండుటచేత ఉదయమున నలుగురికిని ఇబ్బంది తక్కువ. చిక్కు ఒక్కటే: ధర మిగిలిన కంపెనీలకంటె సాధారణముగా చాల ఎక్కువ.

ఎమ్మెస్సీ: సరకుల ఓడలలో ప్రపంచమున పెద్దదైన ఐరోపా సంస్థకు చెందినది. కొన్ని ప్రయాణములలో పిల్లలకు టికెట్టు లేకుండ రేవు పన్నులు, రుసుములు మాత్రమే తీసికొందురు. పిల్లలు ఎక్కువైన ఇంటికి ఇది మేలు. ప్రకటనలు నాలుగైదు భాషలలో వినబడును; భోజనము ఇటలీ రుచి.

మొదటి ధర, చివరి ధర

ఇక్కడ జాగ్రత్త కావలెను. మా మిత్రుని కుమారునికి ఒక టికెట్టు ఏజెంటు చూపిన ధర తక్కువగా కనబడినది. అయితే దానిలో ఓడ పనివారికి ఇయ్యవలసిన బహుమానపు సొమ్ము లేదు. అమెరికా ఓడలలో అది మనిషికి రోజుకు ఇంత అని లెక్కలో కలిపివేయుదురు. 2025లో పెద్ద కంపెనీలలో అది సుమారు 16 నుండి 20 డాలర్ల వరకు ఉండెను. రోజుకు 17 డాలర్ల చొప్పున వేసికొన్నను 6గురికి 5 దినములకు 510 డాలర్లు! అనగా మన రూపాయలలో నలువది వేలకు పైమాట. పెక్కు కంపెనీలలో 2 ఏండ్లు నిండిన బిడ్డకును పూర్తి లెక్కయే.

టికెట్టులో సాధారణముగా కలిసియుండునవి: గది, ప్రధాన భోజనశాలలో భోజనము, మంచినీరు, టీ, కాఫీ, పిల్లల గది, ఆటపాటలు. కలియనివి: బహుమానపు సొమ్ము, ఫోను సంబంధము, ప్రత్యేక భోజనశాలలు, రేవులో దిగి చేయు విహారములు, డాక్టరు ఖర్చు, రేవు దగ్గర కారు నిలుపు రుసుము. మద్యమునకు ముందే మొత్తముగా డబ్బు కట్టు పథకము నొకదానిని గట్టిగా అమ్మజూచెదరు. పెక్కు కంపెనీలలో ఒక గదిలో ఒకరు అది కొనినయెడల ఆ గదిలోని పెద్దలందరును కొనవలెనను నియమమున్నది. మద్యము ముట్టని కుటుంబము దానిని పూర్తిగా వదలివేయవచ్చును. టికెట్టు ధరలను కాదు, ఈ మొత్తమంతయు కూడిన తరువాత వచ్చిన ధరలనే పక్కపక్కన పెట్టి పోల్చుడి.

పాస్‌పోర్టు, వీసా

కోడలు అలాస్కా మంచుకొండలు చూడవలెనని కోరినది. మేము విచారింపగా ఒక సంగతి బయటపడినది. ఈ ఓడలలో అధిక భాగము బహామాస్, పనామా, మాల్టా వంటి దేశముల జెండాతో నడుచుచున్నవి. 1886 నాటి అమెరికా చట్టము ప్రకారము విదేశీ జెండాగల ఓడ అమెరికా రేవులో ఎక్కించుకొని, మధ్యలో ఏ విదేశపు రేవును చూడక మరల అమెరికా రేవులోనే దింపరాదు. అందుచేత సియాటిల్ నుండి అలాస్కాకు పోవు ఓడలు కెనడా రేవులో ఆగును. భారత పాస్‌పోర్టుగల తలిదండ్రులకు కెనడా వీసా కావలెను. అది సమయమునకు వచ్చునను నమ్మకము లేదు.

మెక్సికో అయినచో, చెల్లుబాటులోనున్న అమెరికా వీసా గల భారతీయులను వేరే వీసా అడుగదు. అయితే ఓడ అమెరికా విడిచి మరల ప్రవేశించును గనుక, ఆ అమెరికా వీసా పలుమారులు ప్రవేశించుటకు వీలైనదై యుండవలెను. దారిలో తగులు ప్రతి దేశపు నియమమును వేర్వేరుగా చూచుకొనుడి.

మోకాళ్లు, మందులు, పసిబిడ్డలు

పెద్ద ఓడలో ఒక కొననుండి రెండవ కొనకు నడుచుటయే ఒక ప్రయాణము. మోకాళ్ల నొప్పి గలవారికి ఓడ మధ్యభాగమున, లిఫ్టు దగ్గర, క్రింది అంతస్తులలో గది అడుగవలెను. ఊపు కూడ అక్కడనే తక్కువ. ఇంకను, రేవులో ఓడ గట్టుకు ఆనుకొని నిలుచునా, చిన్న పడవలలో దింపుదురా అని అడుగవలెను. గ్రాండ్ కేమన్ దీవిలో పడవలలోనే దిగవలెను. నడవలేనివారికి అది కష్టము. మెక్సికోలోని కొజుమెల్, ప్రొగ్రెసో రేవులలో ఓడ గట్టుకే ఆనును. ప్రొగ్రెసోలో సముద్రములోనికి కట్టిన వారధి సుమారు 6.5 కిలోమీటర్ల పొడవు. దానిమీద ప్రయాణికులను బస్సులలో ఊరికి చేర్చెదరు.

6 నెలలు నిండని పసిబిడ్డలను ఓడ ఎక్కింపరు. కొన్ని దూర ప్రయాణములకు 12 నెలలు నిండవలెను. గర్భవతులకు 24వ వారము వచ్చినయెడల అనుమతి లేదు. మందులు చేతిసంచిలోనే ఉంచుకొనవలెను, ఏలయనగా పెద్ద పెట్టెలు గదికి చేరుటకు సాయంకాలమగును. పెద్దలకు ప్రయాణ భీమా తప్పక తీసికొనుడి. ఓడలోని డాక్టరు ఖర్చు తక్కువ కాదు. చేతులు సబ్బుతో కడుగుకొనుడి. ఓడలలో వ్యాపించు వాంతి, విరేచనముల జబ్బుకు పైన పూసికొను ద్రవము చాలదు.

2012 జనవరి 13న ఇటలీ తీరమున కోస్టా కాంకార్డియా అను ఓడ రాతికి తగిలి 32 మంది మరణించారు. అప్పటికి కొందరు ప్రయాణికులకు ప్రాణరక్షణ అభ్యాసము ఇంకను జరుగలేదు. దాని తరువాత ఆ అభ్యాసము ఓడ బయలుదేరకముందే జరుగవలెనని నియమము మారినది. అలసటగా ఉన్నదని దానిని మానకుడి.

వేళను గూర్చియు ఒక మాట. ఆ సముద్రములలో జూన్ 1 నుండి నవంబరు 30 వరకు తుపానుల కాలము. అప్పుడు ధర తగ్గును గాని, దారి మార్చు అధికారము ఓడ అధిపతికి ఉన్నది. ఓడ బయలుదేరు దినముననే విమానము దిగక, ముందు దినమే రేవు పట్టణము చేరుట మేలు.

ఇంటి పచ్చడి సంగతి ఆమె అడుగకుండ ఉండలేదు. ఇంటిలో వండినవి సాధారణముగా లోనికి రానియ్యరు. సీలు వేసిన పొట్లములు తీసికొని పోవచ్చును. అన్నము వండు కుక్కరు, ఇస్త్రీపెట్టె నిషిద్ధము. భారతీయ శాకాహారము కావలెనన్నచో టికెట్టు కొన్నప్పుడే వ్రాయించవలెను. ఎక్కిన తరువాత మరల గుర్తుచేయవలెను.

మన తీరములో

అమెరికాకు పోనివారికి మన దేశములోను అవకాశమున్నది. కార్డీలియా అను సంస్థ 2021లో ముంబాయి నుండి ప్రయాణములు ప్రారంభించి, 2022 జూన్‌లో విశాఖపట్నమునుండి పుదుచ్చేరి, చెన్నై మార్గమున ఓడ నడిపినది. 2023 సెప్టెంబరులో విశాఖలో ప్రయాణికుల ఓడలకు ప్రత్యేకమైన టెర్మినలు ప్రారంభమైనది. ఈ కార్డీలియా ఓడ 1990లో రాయల్ కరీబియన్ వారు నడిపిన ఓడయే. పరిమాణములో ఐకాన్‌లో ఐదవ వంతు మాత్రమే. భారతీయ భోజనమునకు ఇబ్బంది లేదు, వీసా అక్కరలేదు. జూదశాల మాత్రము ఇందులోను ఉన్నది. విశాఖకు ఏడాది పొడుగునా రాదు గనుక తేదీలు చూచుకొనవలెను.

చివరికి ఏమి జరిగినది?

కాగితముమీద గీతలు గీసి, బల్ల, బిడ్డ వయస్సు, మోకాళ్లు, వీసా, మొత్తము ధర అని 5 గడులు పెట్టాము. పెద్ద ఓడ మోకాళ్ల దగ్గరను, అలాస్కా వీసా దగ్గరను, డిస్నీ ధర దగ్గరను ఆగిపోయినవి. డాలస్ నుండి కారులో 5 గంటలలో చేరగల గాల్వెస్టన్ రేవునుండి కొజుమెల్, ప్రొగ్రెసోలకు పోవు 5 దినముల కార్నివాల్ ప్రయాణము మిగిలినది. "ఓడ చిన్నదేమో" అని కుమారుడు సంకోచించాడు. పెద్దాయన ఫోను తీసికొని, "ఓడ చూడటానికి కాదురా మేం వచ్చేది" అన్నాడు.

మే నెలాఖరున వారు వెళ్లి, వర్షములకు ముందు తిరిగి వచ్చారు. ఓడ ఎట్లున్నదని అడిగితే పెద్దాయన ప్రొగ్రెసో వారధి గురించి చెప్పారు. ఆమె మాత్రము బల్ల గురించి చెప్పినది. కిటికీ దగ్గర ఆరు కుర్చీల బల్ల. మొదటి రాత్రి ఆమె అన్నము అడిగినదట. రెండవ రాత్రి నుండి వడ్డించు యువకుడు అడుగకముందే అన్నము తెచ్చి పెట్టినాడట. చిన్నవాడు మొదటి రాత్రి ఆమెను చూచి తల్లి ఒడిలో ముఖము దాచుకొన్నాడు. మూడవ రాత్రి పక్క కుర్చీలోనికి వచ్చాడు.

"నాలుగో రాత్రి నా చేత్తో కలిపి పెడితే తిన్నాడు అమ్మగారూ" అని ఆమె మా ఇంటివారితో చెప్పి, కొంగుతో కన్నులు తుడుచుకొన్నది.

ప్రియమైన కుటుంబములారా, మీ పిల్లలు ఓడల బొమ్మలు పంపినప్పుడు, ఏది పెద్దది అని మొదట అడుగకుడి. మీ ఇంటిలో అందరికంటె చిన్నవాడెవరు, నడవలేనివారెవరు అని చూడుడి. వారికి తగిన ఓడయే మీ కుటుంబమునకు తగిన ఓడ.