శత్రువు పుట్టుమచ్చ: మందుల తయారీలో ఎపిటోప్ పాత్ర



మన వసతి గృహంలో చదివినవాళ్లలో ఎక్కువమందిమి నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లోని కూలీల ఇళ్లనుంచి వచ్చినవాళ్లమే. కె.సి. కాలువ కింద వరి మడికి రాత్రిపూట నీళ్లు కట్టడం, గడ్డివాము దగ్గర పడుకోవడం మనకు కొత్త కాదు. ‘పురుగు ముట్టిందంట’ అనే మాట విని ఊరంతా పరుగెత్తడమూ కొత్త కాదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షలమంది, అంటే ఏటా సగటున 58 వేలమంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

ఆసుపత్రిలో ఇచ్చే విషవిరుగుడు ఇంజెక్షన్ విషాన్ని ఎలా గుర్తుపడుతుంది? ఒక పాముకు పనిచేసే మందు మరో పాముకు ఎందుకు చాలదు? ఈ ప్రశ్నలకు జవాబు ‘ఎపిటోప్’ అనే చిన్న మాటలో ఉంది. దాన్ని మన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ అర్థమయ్యేలా చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాము.

ఎపిటోప్ అంటే ఏమిటి?

పదో తరగతి పరీక్ష ఫారం నింపేటప్పుడు మన ఒంటిమీది రెండు పుట్టుమచ్చలు చూసి రాస్తారు కదా! మనిషంతటినీ వర్ణించనక్కరలేదు. గుర్తుపట్టడానికి ఆ రెండు మచ్చలు చాలు. మన శరీరం కూడా ఇలాగే చేస్తుంది. బయటినుంచి వచ్చిన క్రిమిని గానీ, విషాన్ని గానీ ప్రతిజనకం అంటారు. దాన్ని ఎదుర్కోవడానికి రక్తంలోని బి-కణాలు తయారుచేసే ప్రోటీన్లే ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు. ఇవి ఇంగ్లీషు ‘వై’ అక్షరం ఆకారంలో ఉంటాయి. వై రెండు చేతుల చివరలు ప్రతిజనకం మీద ఒక చిన్న భాగాన్ని మాత్రమే పట్టుకుంటాయి. ఆ చిన్న భాగమే ఎపిటోప్. అదే శత్రువు పుట్టుమచ్చ అన్నమాట.

ఎపిటోప్‌లు రెండు రకాలు. ప్రోటీన్ గొలుసులో వరుసగా ఉన్న కొన్ని అమైనో ఆమ్లాలతో ఏర్పడేది మొదటి రకం. గొలుసు ముడతలు పడినప్పుడు దూరంగా ఉన్న భాగాలు దగ్గరకు చేరి ఏర్పడేది రెండవది. రెండవ రకాన్ని అర్థం చేసుకోవడానికి ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన విగ్రహాన్ని తలుచుకోండి. ఆ విగ్రహం పగిలి ముక్కలైతే రాయి అంతా అక్కడే ఉంటుంది, కానీ ముఖం ఎవరిదో గుర్తుపట్టలేము. అలాగే వేడికో మరో కారణానికో ప్రోటీన్ ఆకారం చెడితే అమైనో ఆమ్లాలు అన్నీ ఉన్నా ప్రతిరక్షకం దాన్ని గుర్తుపట్టదు. చాలా టీకాలను చల్లటి పెట్టెలో దాచడానికి గల కారణాల్లో ఇది ఒకటి.

మన తెలుగు గడ్డమీద జరిగిన పని

ఇందుకు మంచి ఉదాహరణ హెపటైటిస్-బి టీకా. కాలేయాన్ని దెబ్బతీసే ఈ వైరస్ పైపొర ప్రోటీన్‌ను అమెరికా శాస్త్రవేత్త బ్లంబర్గ్ బృందం 1965లో ప్రకటించింది. ఆయనకు 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ప్రోటీన్ మీద 124 నుంచి 147 వరకు ఉన్న అమైనో ఆమ్లాల భాగాన్ని ‘ఎ’ నిర్ధారకం అంటారు. మనలను కాపాడే ప్రతిరక్షకాలు ముఖ్యంగా పట్టుకునేది ఇక్కడే. కాబట్టి వైరస్ మొత్తం అక్కరలేదు, ఈ పుట్టుమచ్చ సరైన ఆకారంలో ఉన్న పైపొర ప్రోటీన్ ఉంటే టీకాకు చాలు.

నెల్లూరు జిల్లాకు చెందిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. వైరస్ జన్యువును ఒక రకం ఈస్ట్‌లో ప్రవేశపెట్టి, ఈ ప్రోటీన్‌ను ఈస్ట్ చేతనే తయారుచేయించారు. 1997లో వచ్చిన ఆ ‘శాన్‌వాక్-బి’ దేశంలోనే తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా. అంతవరకు విదేశాలనుంచి వచ్చే టీకా పేదవాడికి అందేది కాదు, దీని రాకతో ధర బాగా తగ్గింది. నేడు ఈ రోగానికి టీకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు ఉచితంగా వేస్తున్నారు.

శత్రువు కూడా ఊరుకోడు. ఆ ప్రోటీన్‌లో 145వ స్థానంలోని గ్లైసీన్ పోయి ఆర్జినీన్ చేరిన వైరస్‌ను 1990లో ఇటలీలో టీకా వేయించుకున్న ఒక బిడ్డలో కనుగొన్నారు. ఒక్క అమైనో ఆమ్లం మారడంతో పుట్టుమచ్చ చెరిగింది, ప్రతిరక్షకం మోసపోయింది. ఇలాంటివి అరుదు కాబట్టి టీకా విలువ తగ్గలేదు.

ఒకే గుర్తును పట్టే మందులు

శరీరం సహజంగా అనేక ఎపిటోప్‌లకు అనేక ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. 1975లో కోలర్, మిల్‌స్టీన్ అనే ఇద్దరు ప్రతిరక్షకం తయారుచేసే ఎలుక కణాన్ని కేన్సర్ కణంతో కలిపి, ఒకే ఎపిటోప్‌ను పట్టే ప్రతిరక్షకాన్ని ఎంత కావాలంటే అంత పొందే మార్గం చూపారు. దీనికి 1984లో నోబెల్ లభించింది. ఈ మోనోక్లోనల్ మందుల్లో రిటుక్సిమాబ్ ఒకటి. కొన్ని రక్త కేన్సర్లలో చెడిన బి-కణాల మీద ఉండే సి.డి.20 అనే ప్రోటీన్‌ను ఇది పట్టుకుంటుంది. దీనికి సాటివచ్చే ‘రెడిటక్స్’ను హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లో విడుదల చేసింది. ఆఫాటుముమాబ్ అనే మరో మందు కూడా అదే సి.డి.20ని పడుతుంది, కానీ వేరే ఎపిటోప్ దగ్గర. అందువల్ల కణాన్ని చంపే తీరులో రెండింటికీ తేడా ఉంది. కాబట్టి మందు తయారుచేసేవారు ఏ ప్రోటీన్‌ను పట్టాలన్నదే కాక, దానిలో ఏ భాగాన్ని పట్టాలన్నదీ చూడాలి.

మళ్లీ పాము దగ్గరకు

విషవిరుగుడును గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో ఏర్పడిన ప్రతిరక్షకాలను వేరుచేసి తయారుచేస్తారు. మన దేశంలో దొరికే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అనే నాలుగింటికి. ఇందుకు వాడే విషంలో ఎక్కువ భాగం తమిళనాడులో 1978లో ఏర్పడిన ఇరుళ గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది. ఇక్కడే చిక్కు ఉంది. ఒకే జాతి పాము అయినా ప్రాంతాన్ని బట్టి విషంలోని ప్రోటీన్లు మారుతాయి. ప్రోటీన్ మారితే ఎపిటోప్ మారుతుంది, మందు పట్టు సడలుతుంది. బెంగళూరు ఐ.ఐ.ఎస్.సి. పరిశోధకులు దీన్ని ప్రయోగాల్లో చూపారు.

దీనికి ఒక దారి కనిపిస్తున్నది. నాగుపాము, కట్లపాము కుటుంబపు పాముల విషంలోని కొన్ని ప్రోటీన్లు నరం నుంచి కండరానికి వెళ్లే సంకేతాన్ని అడ్డుకుంటాయి. కండరాన్ని అంటుకునే ఆ భాగం మారితే విషానికి పదునే పోతుంది. కనుక చాలా పాముల్లో అది పెద్దగా మారకుండా ఉంటుంది. సరిగ్గా ఆ ఎపిటోప్‌ను పట్టే ఒక ప్రతిరక్షకాన్ని అమెరికాలోని స్క్రిప్స్ సంస్థ, బెంగళూరు ఐ.ఐ.ఎస్.సి. తదితర సంస్థలవారు 2024లో ప్రకటించారు. అది ఎలుకలను వేర్వేరు దేశాల పాముల విషంనుంచి కాపాడింది. పింజరుల విషానికి ఇది పనిచేయదు, మనుషులకు మందుగా రావడానికి ఇంకా పరీక్షలు జరగాలి.

మనం చేయవలసింది

ప్రతిరక్షకం రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టగలదు. విషం కండరాన్నీ నరాన్నీ చెడగొట్టాక ఆ చెడును వెనక్కి తీసుకోలేదు. అందుకే ప్రతి నిమిషమూ విలువైనదే. పాము కాటేస్తే కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, నంద్యాలకో ఆళ్లగడ్డకో, ఏది దగ్గరైతే ఆ ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చండి. మంత్రగాడి దగ్గర గడిపిన గంట తిరిగి రాదు. పిల్లలకు కూడా పెద్దలకిచ్చిన మోతాదే ఇస్తారు, ఎందుకంటే పాము ఎక్కించే విషం పిల్లలకు తగ్గదు.

పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఆ పనికి మడిగట్టున నడిచి పెరిగినవాళ్లు శాస్త్రవేత్తలుగా కావాలి. మన పొలంలోని పాము విషం ఎలా ఉంటుందో తెలుసుకోవాలన్న ఆరాటం మనకు ఉన్నంతగా మరెవరికి ఉంటుంది? ఇంటర్‌లో బై.పి.సి. తీసుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు జీవశాస్త్రం పుస్తకంలో రోగనిరోధక వ్యవస్థ పాఠాన్ని మార్కుల కోసమే కాకుండా మన ఊరి కోసం కూడా చదవాలని కోరుకుంటున్నాము.