పిల్లి తీరు మారిందా? ముందు ఒంట్లో ఏముందో చూడండి

జపాన్‌లోని మినమాట తీరంలో 1950ల్లో పిల్లులు చిందులేసేవి. తూలుతూ, గిరగిరా తిరుగుతూ, కొన్ని సముద్రంలో పడి చచ్చిపోయేవి. అక్కడి జాలరులు దాన్ని పిల్లుల నాట్యరోగం అన్నారు. 1956 మే 1న మనుషుల్లోనూ ఆ జబ్బు ఉన్నట్టు అధికారికంగా నమోదైంది. చిస్సో ఫ్యాక్టరీ వదిలిన మిథైల్ పాదరసం చేపల్లో చేరి, వాటిని తిన్న పిల్లుల, మనుషుల మెదళ్లను దెబ్బతీసింది. ఆ కంపెనీ ఆసుపత్రి పెద్ద డాక్టర్ హజిమె హొసొకవా 1959లో ఫ్యాక్టరీ మురుగునీరు కలిపిన తిండిని 400వ నంబరు పిల్లికి పెట్టి చూశారు. దానికీ అదే జబ్బు! కంపెనీ ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. 1968 దాకా ఆ విషం సముద్రంలో కలుస్తూనే ఉంది. మంచాన పడ్డ హొసొకవా 1970లో కోర్టు కోసం వాంగ్మూలమిచ్చి నిజం బయటపెట్టారు. తెలిసీ విషం వదిలిన ఆ తొమ్మిదేళ్లను ఎలా క్షమించగలం?

మన ఇంటి పిల్లి తీరు మారినా కారణం ఒంట్లోనే ఉండొచ్చు. పదేళ్లు దాటిన పిల్లి రాత్రంతా అరుస్తూ, ఎంత తిన్నా చిక్కిపోతూ, కాలు నిలవక తిరుగుతోందా? ఈ వయసులోనూ ఎంత హుషారో అని మురిసిపోకండి. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తే ఇలాగే ఉంటుంది. పిల్లుల్లో ఈ జబ్బును వైద్యులు వివరించింది 1979లోనే. రక్తపరీక్షతో తెలుస్తుంది, మాత్రలతో అదుపులో ఉంటుంది.

ఉన్నట్టుండి గోడలకు గుద్దుకుంటూ, వెలుతురులోనూ కంటిపాపలు పెద్దవిగానే ఉంటే బీపీ అనుమానించాలి. పిల్లులకూ బీపీ ఉంటుంది, చాలాసార్లు దాని వెనక కిడ్నీ జబ్బు ఉంటుంది. రెటీనా ఊడితే రాత్రికి రాత్రే చూపు పోతుంది.

మగపిల్లి మాటిమాటికీ ఇసుక ట్రేలో కూర్చుని ముక్కుతోంది, చుక్క రావడం లేదు. దయచేసి రేపు చూద్దాం అనకండి. మూత్రం బిగిస్తే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.

జ్వరమొచ్చిందని పారాసెటమాల్ ఇవ్వడం అన్నిటికన్నా ఘోరం. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్ర చాలు, చిగుళ్లు గోధుమరంగుకు తిరిగి, మొహం వాచి, ఊపిరాడక చచ్చిపోవడానికి. కుక్కలకు గోమార్లు పోవడానికి వీపున వేసే పర్మెత్రిన్ చుక్కలూ అంతే. పిల్లికి వేస్తే వణుకు, ఆపైన ఫిట్స్.

పింగాణీ గిన్నెలో చెంచా ఠంగుమన్నా, అల్యూమినియం ఫాయిల్ నలిపినా కొన్ని ముసలి పిల్లులకు మూర్ఛ వస్తుంది. బ్రిటన్ పశువైద్యులు 2015లో దీని మీద పరిశోధన ప్రచురించారు. టామ్ అండ్ జెర్రీ సిండ్రోమ్ అని దానికి ముద్దుపేరు కూడా పడింది.

మరి పెరట్లో పీకి పడేసిన కుప్పింటాకు వేరు దగ్గర చేరి, నములుతూ, దానికి మొహం రుద్దుకుంటూ పొర్లితే? అది జబ్బు కాదు. ఆ వేరంటే పిల్లులకు మహా ఇష్టం.

నెమ్మదైన పిల్లి కారణం లేకుండా మీద పడి కరిస్తే మాత్రం రేబిస్ సంగతి మరవకూడదు. గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకు వెళ్లాలి. పిల్లి కాటే కదా అని వదిలేసేవాళ్లు ఇంకా ఉన్నారు, అదే నా బాధ.

పశువుల ఆసుపత్రి బల్ల మీద చాలా పిల్లులు బిగుసుకుపోయి కూర్చుంటాయి. ఇంట్లో చేసిన వింత అక్కడ చేయవు. అందుకే ఆ వింత జరిగేటప్పుడే ఫోన్‌లో వీడియో తీసి, అంతకు ముందు ఏం తిన్నదో, ట్రేకి ఎన్నిసార్లు వెళ్లిందో రాసుకుని డాక్టరుకు చూపించండి.