కూఫా మస్జిదులో నినాదం: కళాశాలల్లో అతివాదం, వాక్ స్వాతంత్ర్యం

హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో రెండు విద్యాలయాలున్నాయని ఒక మిత్రుడు హాస్యమాడేవారు. మొదటిది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ఆరంభమై, కళాశాల గడప తొక్కలేనివారికి ఇంటివద్దనే చదువు అందిస్తున్నది. రెండవది ఫిల్మ్‌నగర్. పాఠం చెబుతున్నామని చెప్పకుండానే తెలుగువారందరికీ పాఠం చెప్పే విద్యాలయమది.

ముస్లిం యువకుడు ఉగ్రవాదిగా మారే కథను ఈ రెండవ విద్యాలయం మనకు చాలాసార్లు చూపింది. 2002లో వచ్చిన 'ఖడ్గం'లో ప్రకాశ్‌రాజ్ ధరించిన ముస్లిం పాత్ర దేశభక్తుడు. అతని తమ్ముడు ఉగ్రవాదుల్లో కలిసినవాడు. ఒకే ఇంట రెండు దారులు చూపినందుకు ఆ చిత్రాన్ని మెచ్చుకున్నవారున్నారు. అయినా ఆ తమ్ముడు మెట్టుమెట్టుగా ఎలా మారాడు, మధ్యలో ఎవరితో వాదించాడు, ఎవరు అతని ప్రశ్నకు జవాబు చెప్పకుండా పొమ్మన్నారు అన్న వివరాలకు వెండితెర మీద తీరిక ఉండదు. ఆ తీరిక ఉండవలసింది తరగతి గదిలో. ఈ వ్యాసం ఆ గది గురించి.

ముందుగా మాట సంగతి. అనువాదకుడికి ఈ విషయంలో మొదటి చిక్కు మాటతోనే వస్తుంది. ఆంగ్లంలో 'రాడికల్' అన్నది నేడు భయపెట్టే పదం. మన తెలుగునాట అదే పదాన్ని ఒక విద్యార్థి సంఘం గర్వంగా తన పేరులో పెట్టుకున్నది. ప్రభుత్వం తరువాత ఆ సంఘాన్ని నిషేధించింది. 'తీవ్రవాది' అంటే ఒకప్పటి పత్రికల్లో నక్సలైటు. ఈనాడు అదే మాట మరొకరి నెత్తిన పడింది. మదర్సాలో మేము చదువుకున్న పదం వేరు: 'గులూ', అంటే ధర్మంలో హద్దు మీరడం. హజ్ యాత్రలో జమరాతుపై విసరడానికి హజ్రత్ అబ్దుల్లా బిన్ అబ్బాస్ (రజి) చిన్న చిన్న గులకరాళ్లు ఏరి ఇచ్చినప్పుడు, దైవప్రవక్త (స) ఈపాటివి చాలునని, ధర్మంలో గులూకు పోవద్దని, పూర్వ జాతులు దానివల్లనే నశించాయని హెచ్చరించినట్లు హదీసులో ఉన్నది. రాయి పరిమాణం దగ్గర మొదలైన హెచ్చరిక అది. ఆ రాళ్లు ఏరిన ఇబ్నె అబ్బాసే తరువాత ముస్లిం సమాజంలో తొలి అతివాద వర్గాన్ని ఎదుర్కోవడానికి వెళ్లారు.

హిజ్రీ 37లో (క్రీ.శ. 657) సిఫ్ఫీన్ యుద్ధం తరువాత మధ్యవర్తిత్వానికి ఒప్పుకున్నారన్న కోపంతో కొన్ని వేలమంది హజ్రత్ అలీ (రజి) సైన్యం నుండి విడిపోయి, కూఫా సమీపాన హరూరాలో చేరారు. వీరే ఖారిజీలు. ఆరాధనలో వారికి సాటి లేరు. రాత్రంతా నమాజు, పగలంతా ఉపవాసం. తీర్పు అధికారం అల్లాహ్‌ది మాత్రమేనన్నది వారి నినాదం. ఇబ్నె అబ్బాస్ మంచి యెమెన్ వస్త్రం ధరించి వెళ్లగా, మొదటి ఆక్షేపణ ఆ బట్టల మీదనే వచ్చింది. దానికి ఓర్పుతో జవాబు చెప్పి, అసలు మీ అభ్యంతరాలేమిటని ఆయన అడిగారు. వారు మూడు చెప్పారు. అల్లాహ్ విషయంలో మనుషులను తీర్పరులుగా పెట్టారు. యుద్ధం చేసి కూడా బందీలను, విజయధనాన్ని తీసుకోలేదు. ఒప్పంద పత్రంలో తన పేరు ముందు 'విశ్వాసుల నాయకుడు' అన్న బిరుదు చెరిపివేశారు.

ఆయన ఒక్కదాన్నీ కొట్టివేయలేదు. ఇహ్రాంలో ఉన్నవాడు వేటాడితే దాని పరిహారం నిర్ణయించడానికీ, భార్యాభర్తల తగవు తీర్చడానికీ మనుషులనే తీర్పరులుగా పెట్టమని ఖుర్ఆన్ చెప్పింది కదా అన్నారు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి)ని బందీగా పట్టుకుంటారా అని అడిగారు. హుదైబియా పత్రంలో దైవప్రవక్త (స) స్వయంగా 'అల్లాహ్ ప్రవక్త' అన్న మాటను తీయించలేదా అని గుర్తుచేశారు. వారు అంగీకరించే గ్రంథం నుండే, వారి ప్రశ్నల వరుసలోనే జవాబు. ఒక కథనం ప్రకారం 2,000 మంది, మరో కథనం ప్రకారం 4,000 మంది అక్కడికక్కడ వెనక్కి వచ్చారు. మిగిలినవారు రాలేదు. ఈ చివరి వాక్యాన్ని ఉపన్యాసకులు తరచుగా మరచిపోతారు.

రానివారిని హజ్రత్ అలీ (రజి) ఏం చేశారు? ఆయన ప్రసంగిస్తుండగానే మస్జిదులో లేచి నినాదాలు చేసేవారు. మాట సత్యమే, ఉద్దేశం అసత్యమని ఆయన జవాబిచ్చి, మూడు హామీలు ఇచ్చారు: మస్జిదుకు రాకుండా అడ్డుకోము, మాతో కలిసి ఉన్నంతకాలం ప్రభుత్వ నిధిలో వాటా ఆపము, మీరు ముందు కత్తి ఎత్తనంతవరకు మేము ఎత్తము. వారు అబ్దుల్లా బిన్ ఖబ్బాబ్‌నూ, గర్భవతి అయిన ఆయన ఇల్లాలినీ చంపిన తరువాత, హంతకులను అప్పగించమని అడిగి, వారు నిరాకరించాకనే నహ్రవాన్‌లో యుద్ధం జరిగింది. హద్దు ఎక్కడ గీశారో చూడండి. నినాదం దగ్గర కాదు, హత్య దగ్గర.

మన రాజ్యాంగం 19వ అధికరణం మీద సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో ఇచ్చిన తీర్పు దాదాపు ఇదే గీత గీసింది. చర్చించడం ఒకటి, ఒక అభిప్రాయాన్ని ఎంత అప్రియమైనదైనా సమర్థించడం ఒకటి, హింసకు పురికొల్పడం మరొకటి అని న్యాయస్థానం వేరుచేసింది. మొదటి రెండూ స్వాతంత్ర్యంలో భాగం. మూడవదాని దగ్గరే శాసనం అడ్డు పడగలదు.

ఇప్పుడు మన నగరం సంగతి. 2007 మే 18న మక్కా మస్జిదులో పేలిన బాంబుకు 9 మంది, ఆ తరువాత పోలీసు కాల్పుల్లో 5గురు మరణించారు. వెనువెంటనే పట్టుకుపోయింది ముస్లిం యువకులనే. చిత్రహింసలు పడ్డామని వారు మొరపెట్టుకున్నారు. కేసులు న్యాయస్థానంలో నిలవలేదు. వారిలో యూనానీ వైద్యం చదివే విద్యార్థి కూడా ఉన్నాడు. తరువాత ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది; 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఇలాంటి జ్ఞాపకమున్న ఇంట్లో, కొడుకు మాట తీరు మారితే తండ్రి ఎవరికి చెప్పుకుంటాడు?

ఏడేళ్ల తరువాత వేరొక పద్ధతి కనిపించింది. 2014లో 'ఇస్లామిక్ స్టేట్'లో చేరాలని బయలుదేరిన తెలంగాణ విద్యార్థులు కొందరిని కోల్‌కతాలో ఆపి, కేసు పెట్టకుండా, హితబోధ చేసి తల్లిదండ్రులకు అప్పగించారు. మంచి పని. అయితే 2015 డిసెంబరులో శ్రీనగర్ వెళ్లబోతూ నాగపూర్ విమానాశ్రయంలో పట్టుబడిన ముగ్గురు హైదరాబాదు యువకుల్లో, ముందు ఇలా ఇంటికి చేరినవారూ ఉన్నారు. కనుక మాటల వల్ల లాభం లేదంటారా? హరూరా నుండి కూడా అందరూ రాలేదు. వచ్చినవారు వచ్చారు. రానివారిని కత్తి ఎత్తేవరకు కనిపెట్టి ఉండటం, ఎత్తినప్పుడు అడ్డుకోవడం పాలకుల బాధ్యత. అది అధ్యాపకుని బాధ్యత కాదు.

అధ్యాపకుణ్ణి గూఢచారిగా మారిస్తే ఏమవుతుందో బ్రిటన్ చూపింది. 2008లో నాటింగ్‌హాం విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధక విద్యార్థి తన పరిశోధన కోసం అల్ ఖాయిదా శిక్షణ పుస్తకాన్ని తీసుకున్నాడు. అది అమెరికా ప్రభుత్వ వెబ్‌సైటులోనే ఉన్నది. దాన్ని అచ్చుతీసి ఇమ్మని విశ్వవిద్యాలయ ఉద్యోగి అయిన స్నేహితునికి పంపాడు. ఇద్దరినీ అరెస్టు చేసి ఆరు రోజులు ఉంచి, ఉగ్రవాద ఆరోపణ ఏదీ మోపకుండా వదిలిపెట్టారు. 2011లో పోలీసులు ఆ విద్యార్థికి 20,000 పౌండ్లు చెల్లించారు. విద్యార్థితోపాటు సిబ్బంది కూడా ఇరుక్కున్న ఉదంతమిది. అనుమానాన్ని అతిగా పెంచుకోవద్దనీ, ఒకరి గుట్టు మరొకరు తవ్వవద్దనీ హుజురాత్ సూరా 12వ ఆయతు వారించడం ఇలాంటి చోటనే జ్ఞాపకం రావాలి.

అలాగని కళ్లు మూసుకోమనడం లేదు. ఆయుధం, ధనసేకరణ, ఫలానావాణ్ణి చంపుతామన్న మాట, రహస్య ప్రయాణం: వీటిలో ఏది తెలిసినా దాచడం పాపం. కొన్ని ఘోర నేరాల ఉద్దేశం తెలిసినవారు పోలీసుకో మేజిస్ట్రేటుకో తెలపాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 33వ సెక్షను కూడా అంటున్నది. కాని గడ్డం పెంచడం, సంగీతం మానడం, పాలస్తీనా గురించి ఆవేశపడటం, ఇస్లామీ ఖిలాఫత్ గురించి ప్రశ్న అడగడం నేరాలు కావు. ఆ ప్రశ్నను ప్రిన్సిపాల్ గదికి పంపే అధ్యాపకుడు దాన్ని చేతిఫోనులో కాచుకున్నవాడికి అప్పగిస్తున్నాడు. సార్వత్రిక విశ్వవిద్యాలయ విద్యార్థికి ఈ ప్రమాదం మరింత ఎక్కువ. అతనికి హాస్టలు లేదు, వసారాలో వాదించే స్నేహితుడు లేడు. ఉన్నది అధ్యయన కేంద్రంలో దొరికే కొద్ది గంటలే.

మాట్లాడినవాణ్ణి ఊరు దాటించడం కూడా మన నగరం ప్రయత్నించింది. 2018 జులైలో శ్రీరాముని గురించి చేసిన వ్యాఖ్యలకు ఒక సినీ విమర్శకుణ్ణీ, రెండురోజుల తరువాత ఆయన్ని వ్యతిరేకించిన స్వామినీ పోలీసులు హైదరాబాదు నుండి బహిష్కరించారు. మనిషి వెళ్లాడు; మాట చేతిఫోనులో ఇక్కడే ఉన్నది.

మన ఉలమా 2008 ఫిబ్రవరిలో దేవ్‌బంద్‌లో, అదే ఏడు నవంబరులో హైదరాబాదులో ఉగ్రవాదాన్ని ఖండించారు. ఖండన అవసరమే, కాని అది పెద్దలు పెద్దలకు చెప్పుకునే మాట. ఇంజనీరింగ్ కళాశాలలో ఇరవై ఏళ్ల కుర్రవాడు అడిగే మూడు ప్రశ్నలకు, అతని వరుసలోనే, కూర్చుని జవాబు చెప్పగల ఆలింలు ఎందరున్నారు? ఉర్దూ రాని విద్యార్థికి తెలుగులో చెప్పగలవారు ఎందరు? ప్రతి కళాశాలా అలాంటి ఒకరిని ముందే ఎంచుకుని, ఆయనతో జరిగిన సంభాషణ పోలీసు నివేదిక కాదని విద్యార్థులకు రాతపూర్వకంగా చెప్పాలి. ప్రాణహాని కనబడినప్పుడు మాత్రం దాచబోమని కూడా ఆ కాగితంలోనే ఉండాలి.

నహ్రవాన్‌లో యుద్ధం ముగిశాక ప్రాణం ఉన్న ఖారిజీలు సుమారు 400 మందిని హజ్రత్ అలీ (రజి) వైద్యం చేయించుకొమ్మని వారి బంధువులకు అప్పగించినట్లు తబరీ రాశారు. న్యాయస్థానం నిర్దోషి అన్న విద్యార్థి తిరిగి వచ్చి హాల్‌టికెట్ అడిగితే మన కళాశాలలు ఏ కాగితాలు అడుగుతున్నాయో పాఠకులు తమ ఊళ్లో విచారించి చూడవచ్చు.