సిస్టర్ వేళ్లు కదపమని ఎందుకంటారు?

కాలు విరిగి సిమెంట్ కట్టు వేయించుకున్నవారికి మొదటి రాత్రి సరిగా నిద్ర ఉండదు. నొప్పి ఒకటి, గంట గంటకీ సిస్టర్ వచ్చి లేపడం ఒకటి. వేళ్లు కదపమంటారు, గోరు నొక్కి వదులుతారు, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య చర్మాన్ని తాకి తెలుస్తోందా అంటారు. ఇందాకేగా చూశారు అని విసుక్కునేవాళ్లే ఎక్కువ. ఎముక ఎక్కడ విరిగిందో ఎక్స్‌రే చెబుతుంది. దాని చుట్టూ ఉన్న కండ, నరం, రక్తనాళం ఈ గంటలో ఎలా ఉన్నాయో మాత్రం ఇలా చూస్తేనే తెలుస్తుంది.

నొక్కిన గోరు తెల్లబడుతుంది. వదిలాక దాదాపు 2 సెకన్లలో మళ్లీ రంగు రావాలి. ఆలస్యమైతే రక్తం సరిగా అందడం లేదని అనుమానించాలి. చేతికి కట్టు ఉంటే పరీక్ష వేరు. బొటనవేలు పైకెత్తమంటారు, దాన్ని చూపుడువేలితో కలిపి సున్నా చుట్టమంటారు, వేళ్లన్నీ ఎడంగా చాపమంటారు. ఈ మూడు పనులూ మూడు వేర్వేరు నరాలవి. ఏది చూసినా రెండో కాలితోనో చేతితోనో పోల్చుకుంటారు. కొందరి పాదాలు మామూలుగానే చల్లగా ఉంటాయి మరి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, మోకాలి కింద, ముంజేతిలో కండలు గట్టి పొరల మధ్య విడివిడి అరల్లో ఉంటాయి. ఆ పొర పెద్దగా సాగదు. విరిగినచోట రక్తం, వాపు చేరితే లోపల ఒత్తిడి పెరిగి సన్నని రక్తనాళాలు నొక్కుకుపోతాయి. దీన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. కట్టు బిగుతైతే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. బిగుతు కట్ల తర్వాత వేళ్లు వంకరపోయి బిగుసుకుపోవడాన్ని జర్మన్ సర్జన్ రిచర్డ్ ఫాన్ ఫోల్క్‌మన్ 1881లోనే వివరించాడు. కొన్ని గంటలు అలాగే వదిలేస్తే కండ చచ్చిపోతుంది.

నాడి కొట్టుకుంటోంది కదా, భయం లేదు అనుకోకూడదు. నాడి అందకపోవడం బాగా ముదిరాక కనిపించే లక్షణం. ముందుగా వచ్చేది నొప్పి. దెబ్బకు మించిన నొప్పి, మందు వేసినా లొంగని నొప్పి, సిస్టర్ మెల్లగా వేలు సాచినా కేక పెట్టించే నొప్పి. అది 0 నుంచి 10లో ఎంత అని అడిగితే, చుట్టాల ముందు బయటపడటం ఇష్టంలేక ‘ఏదో ఉందిలెండి సిస్టర్’ అనేస్తారు మనవాళ్లు. ఓర్చుకోవడం మంచి గుణమే కావచ్చు, ఇక్కడ మాత్రం ప్రమాదం. చిన్నపిల్లలైతే చెప్పలేరు, ఎంత ఊరుకోబెట్టినా ఏడుస్తుంటే, నొప్పి మందు మళ్లీ మళ్లీ అడుగుతుంటే సిస్టర్‌ని పిలవాలి.

మామూలు వాపుకు కాలు దిండు మీద ఎత్తుగా పెట్టడం మంచిదే. కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అనుమానం వస్తే మాత్రం గుండె మట్టంలోనే ఉంచుతారు. ఇంకా ఎత్తితే అందే కాస్త రక్తమూ తగ్గుతుంది.

తర్వాతి రోజుల్లో కండబలాన్ని 0 నుంచి 5 వరకు అంచనా కడతారు. కాలిని సొంతంగా పైకెత్తగలిగి, చేత్తో అడ్డుపెడితే నిలపలేకపోతే 3 అని రాసుకుంటారు. ఒక పిక్కే వాచి నొప్పెడితే రక్తం గడ్డకట్టిందేమో చూస్తారు. అలాంటప్పుడు నూనె రాసి మర్దన చేయొద్దు.

ఇంటికి వెళ్లాక ఈ పరీక్ష మీ వంతు. కట్టు ఆసుపత్రిలో వేసినా, పుత్తూరులో నాటు కట్టు కట్టించుకున్నా, వేళ్లు మొద్దుబారినా, పాలిపోయినా, నొప్పి పెరుగుతూ పోయినా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఆసుపత్రికి బయల్దేరండి. కట్టు కోసి వదులు చేయడం నిమిషాల పని.